విగ్గు జోలికి రాని శత్రువు

“నీ తమ్ముణ్ణి నేను పట్టించలేదు. చట్టం పట్టుకుంది,” అన్నాడు కౌన్సిలర్. తలకి చుట్టుకున్న తువ్వాలు జారకుండా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మీసం దువ్వుకుంటున్నాడు.

“చట్టానికి మా తమ్ముడి ఇంటి దారి ఎవరు చూపించారు?” అంది పార్లరమ్మ.

ఇంటి ముందు గదిలో బ్యూటీ పార్లరు నడుపుతుంది కాబట్టి వీధికంతా ఆమె పార్లరమ్మ. మొగుడు కౌన్సిలరయ్యాక “కౌన్సిలరమ్మ” అని పిలవబోయినవాళ్ళని ఆమే వద్దంది. చేసే పనితో పిలిస్తే పలుకుతాను గానీ, చెయ్యని పనితో పిలిస్తే పలకనంది.

“నేను ఫిర్యాదు ఇచ్చాను. అంతే. అనుమానం ఎవరి మీద అని అడిగారు, చెప్పాను.”

“పళ్ళు తోముకుంటున్నవాణ్ణి జీపెక్కించారు. మూతి కడుక్కోనివ్వలేదు. వాడి ఫోను, కంప్యూటరు, చివరికి షాపులో అద్దెకిచ్చే మైకులు కూడా పట్టుకుపోయారు.”

“మైకులెందుకు?”

“మీరే అడగండి. మీ చట్టమేగా.”

కౌన్సిలర్ అద్దంలోకి వంగి ముక్కు పక్కన ఏదో గిల్లుకున్నాడు. సాయంత్రం పెరట్లో ప్రెస్‌మీట్. టెంటు వేస్తున్న చప్పుడు కిటికీలోంచి వినిపిస్తోంది. పార్టీ అధ్యక్షుడు స్వయంగా వస్తున్నాడు. ఈసారి టికెట్టు ఎవరికో ఇక్కడే చెబుతాడని ఊరంతా అనుకుంటోంది. అందరికంటే ముందు అనుకున్నవాడు కౌన్సిలరే.

“కేసు రాశారా?”

“ఇంకా లేదు. ప్రెస్‌మీట్ అయ్యాక నేను ఫోన్ చేస్తే రాస్తారు.”

“అంటే మీరు చెయ్యకపోతే రాయరు.”

“ఎందుకు చెయ్యను? నన్ను అల్లరిపాలు చేసినవాడు సొంత బావమరిదే అని తెలిసినా వెనకాడలేదని చెప్పాలి కదా. ధర్మం ముందు బంధుత్వం లేదని చెప్పాలి కదా. నాలుగు కెమెరాల ముందు కాస్త కళ్ళు తుడుచుకోవాలి. నీకు రాజకీయం తెలీదు.”

“తెలుసు. తడిగుడ్డతో గొంతులు కోయడాన్ని మా ఇంట్లో వేరే పేరుతో పిలిచేవాళ్ళు.”

కౌన్సిలర్ వినిపించుకోలేదు. పెళ్ళైన కొత్తలో ఆమె దాన్ని సహనమనుకుంది. తర్వాత చెవుడనుకుంది. ఇప్పుడు ఏమీ అనుకోవడం లేదు.

“వాడే అని రుజువేంటి?”

“రుజువా? నేను హాల్లో కుర్చీలో నిద్రపోతుంటే తీసిన ఫొటో, నన్ను వెక్కిరించే ఆ ఫేస్‌బుక్ పేజీలో ఉంది. నోరు తెరుచుకుని ఉంది. కింద ‘రాగాలాపన’ అని రాశాడు. ఈ ఇంట్లోకి ఫోను పట్టుకొచ్చి పళ్ళికిలించేవాడు నీ తమ్ముడు కాక ఇంకెవడు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. అది చూడు ముందు.”

అని తువ్వాలు మళ్ళీ బిగించుకున్నాడు. “అదెంతవరకు ఆరింది?”

అది అంటే విగ్గు. ప్రెస్‌మీట్ కోసం పొద్దున్నే కడిగి పార్లరులో స్టాండు మీద పెట్టింది పార్లరమ్మ. తమ్ముణ్ణి జీపెక్కించిన కబురు వచ్చినప్పుడు ఆమె చేతుల నిండా ఆ విగ్గు నురగే ఉంది.

“ఆరుతుంది,” అని బయటికొచ్చింది.

హాల్లో అత్తగారు సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. పక్కన స్టూలు మీద భజన. కౌన్సిలర్ ఏమన్నా “కరెక్ట్ సార్” అనడం అతని ఉద్యోగం కాబట్టి ఊరు అతనికి ఆ పేరు పెట్టింది. అతని దగ్గర ఫోనుంది. అత్తగారికి కళ్ళజోడు విరిగింది. అందుకని అతను చదువుతున్నాడు, ఆవిడ వింటోంది.

“చదువు నాయనా. ఆపావెందుకు?”

“అమ్మగారు... వదినగారొచ్చారు.”

“వస్తే రానీ. దాని మొగుడి సంగతేగా, దానికి తెలీనిదేముంది?”

భజన గొంతు సవరించుకుని, సంతాప సభలో మాట్లాడుతున్నట్టు మొహం పెట్టి చదివాడు. “‘ఒకాయన పాడితే వాన కురుస్తుంది. ఇంకొకాయన పాలిస్తే వాన నిలుస్తుంది, మా రోడ్డు మీద.’ దీనికి కింద ఒకడు రాశాడండి. ‘ఆయన వెనక కోరస్ ఉంటుంది. ఈయన మీటింగుకి కోరం కూడా ఉండదు.’”

“ఇంకోటి.”

“‘ఇద్దరిదీ గాలి మీద బతుకే. ఆయన గాలి పీలిస్తే పాట. ఈయన గాలి వదిలితే హామీ.’”

అత్తగారు కడుపు పట్టుకుంది. నవ్వు అయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, “ఎవడు రాశాడో గానీ వాడి నోట్లో పంచదార పొయ్యాలి,” అంది.

“పోశారుగా అత్తయ్యా, స్టేషన్లో కూర్చోబెట్టి,” అంది పార్లరమ్మ.

అత్తగారి నవ్వు ఆగింది. భజన ఫోను జేబులో పెట్టుకోబోయాడు.

“నేనేం చేశానే? ఆ పేరు పెట్టడం ఒక్కటే నేను చేసిన పాపం. వీడు కడుపులో ఉండగా పొద్దస్తమానం రేడియోలో ఆ మహానుభావుడి గొంతే వినేదాన్ని. మగపిల్లాడైతే ఆ పేరే పెడతానన్నాను. గొంతు రాలేదు. బుద్ధి రాలేదు. పేరొక్కటి అతికింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అనలేదు పెద్దలు.”

ఆ పేరే ఇంత పనీ చేసింది. ఆ పేరుగల గాయకుడి పుట్టినరోజున దేశదేశాల అభిమానులు శుభాకాంక్షలు పంపారు. సగం పొరపాటున కౌన్సిలర్ ఖాతాకి వచ్చి పడ్డాయి. ఎవరైనా “అయ్యా, ఆయన వేరు, నేను వేరు” అంటారు. కౌన్సిలర్ ఒక్కొక్కరికీ “మీ అభిమానమే నా ఊపిరి” అని జవాబు రాశాడు. కొత్త పాట ఎప్పుడని ఒకావిడ అడిగితే “త్వరలోనే” అన్నాడు. ఎవరో దాన్ని ఫొటో తీసి ఊరి మీద వదిలారు. ఆ వారంలోనే ‘సభ్యగాయకుడు’ అనే పేజీ పుట్టింది.

అక్కణ్ణుంచి పండగే. వీధి లైటు వెలగని వాళ్ళు చీకట్లో కాలక్షేపానికి ఒక చరణం అడిగారు. మురుగు పొంగినవాళ్ళు అది ఏ రాగమో చెప్పమన్నారు. కొందరైతే తిన్నగా అసలు గాయకుడికే కాలువ ఫొటోలు పంపారు. పాపం ఆ పెద్దమనిషి “మీ కాలువ గురించి నాకు తెలియదు, క్షమించండి” అని మర్యాదగా రాస్తే, కింద ఒకడు తేల్చేశాడు: “క్షమించమన్నాడంటే ఈయన మన కౌన్సిలర్ కానే కాదు.”

“ఆ ఫోను ఇటివ్వు,” అంది పార్లరమ్మ.

భజన కౌన్సిలర్ గది వైపు చూశాడు. ఆమె చెయ్యి చాచే ఉంది. ఇచ్చాడు.

ఫోను పట్టుకుని పార్లరులోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కుర్చీలో కూర్చుని పేజీని మొదటి నుంచి చూడటం మొదలుపెట్టింది. తమ్ముడు రాసినవైతే తనకి తెలుస్తుంది. చిన్నప్పట్నుంచి వాడి వెక్కిరింతలన్నీ ముందు ఆమె మీద పడ్డవే. వాడి చెయ్యి కనిపిస్తే ఏం చెయ్యాలో తెలియదు. కనిపించకపోతే ఏం చెయ్యాలో అంతకన్నా తెలియదు. సాయంత్రంలోగా ఏదో ఒకటి తేలకపోతే వాడి మీద కేసు పడుతుంది. కేసు పడ్డవాడి మైకు ఏ సభకీ కట్టరు.

పేజీ దేన్నీ వదల్లేదు. కౌన్సిలర్ పొట్టని వదల్లేదు. గురకని వదల్లేదు. మబ్బు పట్టినా తియ్యని నల్ల కళ్ళద్దాలని, రిబ్బను కత్తిరించబోయి సొంత వేలు కోసుకున్న సంగతిని, “నేను మీ సేవకుణ్ణి” అంటూ డ్రైవరు చేత చెప్పులు మోయించుకున్న ఫొటోని, ఏదీ వదల్లేదు.

ఆమె వేలు తెర మీద ఆగిపోయింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది. మళ్ళీ చూసింది.

తల ఎత్తితే ఎదురుగా అద్దం పక్కన స్టాండు మీద విగ్గు ఉంది. పక్కపాపిడి తీసి, పిన్నులు పెట్టి, పెళ్ళికొడుకులా ముస్తాబై కూర్చుంది.

విగ్గు గురించి ఒక్క ముక్క లేదు.

ఊళ్ళో ఆ విగ్గు తెలియనివాళ్ళు లేరు. బస్టాండు ప్రారంభంలో పెద్ద ఫ్యాను గాలికి అది లేచి వెళ్ళి అధ్యక్షుడి ఒళ్ళో పడింది. ఆయన పిల్లి అనుకుని కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఊరు ఆర్నెల్లు నవ్వింది. ఆమె తమ్ముడైతే అప్పట్నుంచి బావని ఇంట్లో ‘టోపీ’ అనే అంటాడు.

కౌన్సిలర్ని ఎగతాళి చెయ్యాలనుకున్న ఏ శత్రువైనా అక్కణ్ణుంచే మొదలుపెడతాడు. తమ్ముడైతే అక్కడే మొదలుపెట్టి అక్కడే ముగిస్తాడు. ఈ శత్రువెవడో పొట్ట కోసి చూపించాడు గానీ, తల దగ్గరికొచ్చేసరికి మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు.

ఫొటోలు మళ్ళీ చూసింది. ప్రతి ఫొటోలోనూ తల కుదురుగా ఉంది. ఎడమ కణత దగ్గర విగ్గు అంచు కాస్త లేస్తుంది. ఒక్క ఫొటోలోనూ ఎడమ కణత లేదు. నోరు తెరిచి నిద్రపోతున్న ఫొటోలో కూడా విగ్గు ఒద్దికగా కూర్చుంది. ఈ మనిషి ఇంట్లో పడుకునేటప్పుడు విగ్గు పెట్టుకోడు.

పార్లరమ్మ తలుపు తీసి భజనని పిలిచింది.

“ఈ పేజీలో విగ్గు గురించి ఎవరూ కామెంట్లు పెట్టరా?”

భజన గొంతు తగ్గించాడు. “పెడతారండి. ఉండవు. ఇలా పెడితే అలా పోతాయి. పేజీవాడికి అదొక్కటి పడదు కాబోలు.”

“నీకు అనుమానం రాలేదా?”

“నాకు అనుమానాలు రావండి. వస్తే ఉద్యోగం పోతుంది.”

ఆమె తన ఫోను తీసి ఊరూ పేరూ లేని ఒక ఖాతా తెరిచింది. అలాంటిది ఊళ్ళో సగంమంది మొగుళ్ళకి, పెళ్ళాలకి ఉన్నదే. తాజా జోకు కింద రాసింది: “సార్ జుట్టు కూడా ప్లేబ్యాకేనా?”

నవ్వుతున్న బొమ్మలు టపటపా పడ్డాయి. అంతలోనే మాట మాయమైంది.

తమ్ముడి ఫోను పోలీసుల బీరువాలో ఉంది. కంప్యూటరు పోలీసుల బల్ల మీద ఉంది. మరి చెరిపిన వేలు ఎవరిది?

మళ్ళీ అదే రాసి, చెప్పులు విడిచి, హాలు దాటి పడగ్గది తలుపు దగ్గర నిలబడింది. లోపల ఫోను టింగుమంది. “ఎవడ్రా వీడు, చావకుండా,” అని కౌన్సిలర్ గొణిగాడు. ఆమె చేతిలో కామెంటు పోయింది.

మూడోసారి తలుపు తోసి రాసింది.

కౌన్సిలర్ మంచం అంచున కూర్చున్నాడు. ఫోను టింగుమనగానే ఒక చెయ్యి తువ్వాలు మీదికి, ఒక చెయ్యి తెర మీదికి వెళ్ళాయి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకుంటారు. ఈయన తల తడుముకున్నాడు.

“అది నేను రాసిందే,” అంది పార్లరమ్మ. “చెరపండి. మళ్ళీ రాస్తాను. సాయంత్రం దాకా నాకు వేరే పని లేదు.”

కౌన్సిలర్ నోరు తెరిచాడు. రాగాలాపన ఫొటోలో ఉన్నట్టే ఉంది.

“ఎప్పట్నుంచి?”

“ఏది?”

“మిమ్మల్ని మీరు తిట్టుకుని ఊరి చేత చప్పట్లు కొట్టించుకోవడం.”

కౌన్సిలర్ భుజాలు ఎగరేశాడు. ఆ మొహంలో సిగ్గు వెతికింది ఆమె. కొంచెం గర్వం దొరికింది.

“చూడు, ఇన్నేళ్ళు కౌన్సిలర్గా ఉన్నాను. పక్క వీధివాడికి నా మొహం తెలీదు. ఆ పేరుతో వెతికితే ఆ ముసలాయన పాటలొస్తాయి, నేను రాను. ఆ స్క్రీన్‌షాట్‌తో మొదటిసారి నా గురించి మాట్లాడుకున్నారు. నాలుగు రోజుల్లో చల్లారిపోతుందనిపించింది. మంట ఆరకుండా కాస్త పుల్లలేశాను. ఇప్పుడు చూడు. ఊరంతా నా పేరే.”

“నవ్వుతున్నారు.”

“నవ్వనీ. ఓటేసేటప్పుడు తెలిసిన పేరు మీదే వేలు పడుతుంది. పైగా జోకులు బాగున్నాయా లేదా? నిజం చెప్పు. కోరం జోకుకి నాకు రెండు రోజులు పట్టింది.”

“ఇంతకాలానికి మీరు కష్టపడ్డ పని ఇదొక్కటే అన్నమాట. రోడ్డు మీద కూడా రెండు రోజులు పట్టి ఉంటే బాగుండేది. విగ్గు మీద ఎందుకు రాయలేదు?”

“అది...” అని ఆగాడు. “అది వ్యక్తిగతం.”

పార్లరమ్మకి నవ్వు రాబోయింది. తమ్ముడు గుర్తొచ్చి రాలేదు.

“మరి వాణ్ణెందుకు ఇరికించారు?”

“నేను కావాలని చెయ్యలేదే. అధ్యక్షుడు ఫోన్ చేశాడు. ‘ఆ పేజీ నడిపేవాణ్ణి నా ముందు నిలబెట్టు’ అన్నాడు. ఆయన గొంతు నీకు తెలీదు. చలిజ్వరం వస్తుంది. నేనే అంటే టికెట్టు కాదు, తోలు ఊడుతుంది. ఎవరో ఒకరు దొరకాలి కదా.”

“దొరకడానికి వాడే కనిపించాడా?”

“పరాయివాణ్ణి చెప్తే గొడవ చేస్తాడు. మనవాడైతే సర్దుకుంటాడు. ఒక రాత్రి స్టేషన్లో ఉంటే అరిగిపోడు. టికెట్టు రానీ, నేనే విడిపిస్తాను. ఊరంతటికీ మైకులు వాడి చేతే కట్టిస్తాను.”

“కుక్కకి బిస్కెట్టు వేస్తానంటున్నారు.”

“నీకు అన్నీ వంకరగానే కనిపిస్తాయి. వెళ్ళి ఆ విగ్గు పట్టుకురా. టైమవుతోంది.”

ఆమె వెళ్ళింది. తెచ్చింది. కానీ కౌన్సిలర్ చేతికివ్వలేదు. ఎడమ చేత్తో జుట్టు పట్టుకుంది. కుడి చేతిలో జుట్టు కత్తిరించే కత్తెర ఉంది.

“ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చెయ్యండి. అనుమానం పొరపాటని చెప్పండి. స్పీకర్లో పెట్టండి.”

“నీకు పిచ్చి పట్టిందా?”

కత్తెర నోరు తెరిచింది. ముందు పాపిడి దగ్గర.

“వద్దు. చేస్తాను. చేస్తున్నానే.”

ఫోను మోగింది. అటునుంచి ఇన్‌స్పెక్టర్ గొంతు అత్తరు పూసినట్టు వినిపించింది. “చెప్పండి సార్.”

“అదే... మా బావమరిది విషయం. కుటుంబ వ్యవహారం కదా, వదిలెయ్యండి. పాపం ఆడది ఏడుస్తోంది.”

ఏడుస్తున్న ఆడది కత్తెర ఆడించింది.

“ఇంకెక్కడి బావమరిది సార్?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “అధ్యక్షులవారు మధ్యాహ్నమే స్వయంగా వచ్చి కార్లో తీసుకెళ్ళారు కదా.”

“ఎక్కడికి?”

“భోజనానికి. ముందు ఆ కుర్రాడు నేను కాదు, నేను కాదు అన్నాడండి. అధ్యక్షులవారు వచ్చి, ఊరంతటినీ ఇంతలా నవ్వించిన బుర్ర ఎవరిది, మన పార్టీకి ఇలాంటివాడే కావాలి అనగానే ఒప్పేసుకున్నాడు. అన్నీ తనే రాశానన్నాడు. ఒకటి రెండు చదివి కూడా వినిపించాడు. బాగా చదువుతాడు సార్, గొంతుంది. టికెట్టు అతనికేనట. మీరు పెద్ద మనసుతో సీటు వదులుకున్నారటగా. అభినందనలు.”

ఫోను కౌన్సిలర్ చేతిలోంచి మంచం మీద పడింది. పార్లరమ్మ దాన్ని తీసుకుంది.

కౌన్సిలర్ ఒక్కసారిగా లేచాడు. “నా ముందు నిలబెట్టు అంటే... మెచ్చుకోడానికా? టికెట్టివ్వడానికా? అది ముందే చెప్పొచ్చు కదా. నేను రాశానే అవి. కోరం జోకు నాది. గాలి జోకు నాది. ఇప్పుడే వెళ్ళి చెప్తాను. నేనే రాశానని చెప్తాను.”

“వెళ్ళండి.”

రెండడుగులేసి ఆగాడు. తువ్వాలు పట్టుకున్నాడు. “విగ్గివ్వు.”

“అది వ్యక్తిగతం కదా.”

పెరట్లో కార్ల హారన్లు మోగాయి. హాల్లోంచి అత్తగారి గొంతు లేచింది. “ఒరేయ్, నీకు తెప్పించిన దండ ఇంకెవరి మెళ్ళోనో వేస్తున్నార్రా. వచ్చి చూసుకో.”

పార్లరమ్మ గది తలుపు బయట గొళ్ళెం పెట్టి, పార్లరు గుండా పెరట్లోకి వెళ్ళింది. విగ్గు చేతిలోనే ఉంది. కొంగు కప్పింది.

తమ్ముడు పచ్చగా ఉన్నాడు. మెడలో దండ చెవుల దాకా ఉంది. రెండు చేతులూ జోడించి, టెంటు కింద జనానికి అటూ ఇటూ తిరిగి చూపిస్తున్నాడు. అతని మైకులే, ఎప్పుడు విడిపించారో, వేదిక మీద అమర్చి ఉన్నాయి.

పార్లరమ్మ వాణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూసుకుంది. వాడు క్షేమం. అది చాలు. దగ్గరికెళ్ళింది.

“కొట్టారేంట్రా?”

“లేదక్కా. కాఫీ ఇచ్చారు.”

“మరి నువ్వు రాయలేదని...”

“నెమ్మది,” అన్నాడు తమ్ముడు, పెదాలు కదలకుండా. జనం వైపు నవ్వుతూనే ఉన్నాడు. జోడించిన చేతులు విప్పలేదు. “అవి రాసింది బావే. నాకు మొదట్నుంచీ తెలుసు. టోపీ ఊసు లేకుండా బావని తిట్టేవాడు బావ కాక ఇంకెవడుంటాడు?”

“తెలిసీ స్టేషన్లో ఎందుకు చెప్పలేదు?”

“చెబ్దామనే అనుకున్నా. ఈలోగా ఈయనొచ్చాడు.” గొంతు ఇంకా తగ్గించాడు. “అక్కా, ఒక్క సాయం చెయ్యి. ఆ పేజీ పాస్‌వర్డు బావ దగ్గర తీసి పెట్టు. రేపట్నుంచి రోజుకొకటి రాయాలట. ఏదో ఒకటి చెప్పి తీసుకో. నీ మాట వింటాడు.”

ఆ నవ్వు ఆమెకి బాగా తెలుసు. మొదటిసారి గెలిచిన రోజు మొగుడి మొహం మీద చూసింది. పదవి మారలేదు, పళ్ళే మారాయి. పొద్దుట్నుంచి ఎవరి కోసం కత్తెర పట్టుకుందో ఆ మనిషి జీపులో ఎక్కిన చోటే దిగిపోయినట్టున్నాడు. కారులోంచి దిగినవాడు ఇంకొకడు.

వేదిక మీద అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. “తన మీద తానే నవ్వుకోగలిగిన కుటుంబం ఇది,” అంటున్నాడు. “బావని బావమరిది ఎగతాళి చేశాడు. బావ నవ్వుతూ సీటిచ్చాడు.” జనం చప్పట్లు కొట్టారు. అందరికన్నా ముందు కొట్టినవాడు భజన. వెనక పడగ్గది తలుపు దబదబా మోగుతోంది. చప్పట్లలో కలిసిపోతోంది.

లోపలివాడికి జుట్టు కావాలి. బయటివాడికి పేజీ తాళం కావాలి. రెండూ ఆమె చేతుల్లోనే ఉన్నాయి. మంచం మీంచి తీసిన మొగుడి ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. పేజీ తెరిచే ఉంది.

పార్లరమ్మ పార్లరులోకి తిరిగొచ్చింది. విగ్గుని స్టాండు మీద పెట్టింది. ఎడమ కణత వైపు నుంచి ఒక ఫొటో తీసింది. కింద రాసింది:

“ఇన్నాళ్ళూ పేరొక్కటే అరువనుకున్నారు. జుట్టూ అరువే. ఈ పేజీవాడు అన్నీ రాశాడు, ఇదొక్కటి రాయలేకపోయాడు. ఎవరి నెత్తి మీది విగ్గు వాళ్ళకి కనిపించదు కదా. ఇప్పుడు దండేసుకున్నవాడికి ఈ సంగతి మొదట్నుంచీ తెలుసట. జోకులు కూడా అరువే.”

ఇంకోసారి చదువుకోలేదు. వేలు నొక్కింది.

టెంటు కింద ఒక ఫోను టింగుమంది. తర్వాత ఇంకోటి. తర్వాత వరసలకి వరసలే. చప్పట్లు పలచబడ్డాయి. తలలు వంగాయి. అత్తగారు, “ఏంట్రా, ఏం రాశాడు? ఎవరైనా చదవండర్రా,” అని కేకేసింది. ఎవరూ చదవలేదు.

అధ్యక్షుడు జేబులోంచి ఫోను తీశాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. నిదానంగా చదివాడు. తల ఎత్తి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడి రెండు చేతులూ ఇంకా జోడించే ఉన్నాయి.

“నీ ఫోను స్టేషన్లో ఉంది కదూ?” అన్నాడు. మైకు ఆపడం మరిచిపోయాడు. ఊరంతా విన్నది. “మరి ఇది ఇప్పుడే ఎవరు పెట్టారు?”

తమ్ముడి నవ్వు మొహం మీద ఎండిపోయింది.

అధ్యక్షుడి చూపు జనం మీంచి, మోగుతున్న తలుపు మీంచి, మెల్లగా పార్లరు గుమ్మానికి వచ్చింది. గుమ్మంలో పార్లరమ్మ. చేతిలో ఇంకా ఆరని ఫోను వెలుగు.

ఆయన కళ్ళజోడు తీశాడు. కోపగించుకుంటాడని ఆమె ఎదురుచూసింది. జవాబు కూడా సిద్ధంగా ఉంచుకుంది.

ఆయన నవ్వాడు. మెడలో దండ తియ్యమని తమ్ముడికి సైగ చేశాడు. ఆ దండ పట్టుకుని వేదిక దిగి, ఆమె వైపు నడవడం మొదలుపెట్టాడు.